ఊరేగింపుకి దారి, కథకి దరఖాస్తు

పాతబస్తీలో బోనాలొచ్చినా మొహర్రం వచ్చినా మన పత్రికల్లో అవే మాటలు: సున్నిత ప్రాంతం, గంగా జమునా తెహజీబ్, భారీ బందోబస్తు. మధ్యలో పసుపు పూసుకున్న పోతరాజు ఫోటో. అదే పాతబస్తీలోని గౌలిపుర కుర్రాళ్లు వీధి నాటకమో కథో కడితే ‘కళతో సామరస్యం’ అని నాలుగు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు. ఆ కుర్రాళ్లు వీధిలో నిలబడాలంటే ఎవరి అనుమతి కావాలో, ఆ అధికారం ఎక్కణ్నుంచి వచ్చిందో ఆరా తీసేవాళ్లు లేరు. అసలు పేచీ అంతా అక్కడే ఉంది.

గౌలిపుర పిల్లాడు ఇంట్లో తెలుగో మరాఠీయో మాట్లాడి గుమ్మం దాటగానే దక్కనీలోకి దూకుతాడు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కే రోజున కాగితాలు మండించి, డప్పు చర్మం బిగిసేదాకా కాచి, వేళ్లతో పలుకు చూసుకుని తీన్‌మార్ అందుకుంటాడు. ఆ దరువుకి మూలం బార్కస్ అరబ్బులూ సిద్దీలూ వాయించే మర్ఫా అంటారు. ఆ పూట అతనికి వీధి తెరుచుకునే ఉంటుంది. పోలీసుల లెక్కలో అది ‘పాత మామూలు’. ఏటా నడిచే ఊరేగింపు కాబట్టి ఈ ఏడూ నడుస్తుంది. అదే పిల్లాడు అదే డప్పుతో తన గల్లీ కథ చెప్తానంటే మాత్రం ‘కొత్త ప్రోగ్రామ్’. కొత్తదంటే స్టేషన్‌కి భయం.

ఊరేగింపు హక్కుకి చట్టం దన్ను గట్టిదే. మంజూర్ హసన్ కేసులో, అదీ షియా సున్నీల తగవులో, రహదారి మీద తమ ఆచారాలతో మత ఊరేగింపు తీసే హక్కుందని ప్రీవీ కౌన్సిల్ ఏనాడో తేల్చింది. అయితే రాజ్యాంగం వచ్చాక కథ హక్కు దానికి ఏం తీసిపోయింది? మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణ మొదటి మాటే ‘శాంతిభద్రతలకు లోబడి’ అని, ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలకూ లోబడి అని చెబుతుంది. 19వ అధికరణలో భావప్రకటన స్వేచ్ఛ ముందు వస్తుంది. ఆంక్ష పెట్టాలంటే చట్టం ఉండాలి, అది సహేతుకమని ప్రభుత్వమే నిరూపించుకోవాలి. నన్నడిగితే కథ హక్కే ఒక మెట్టు పైనుంది.

ఇక ఆ కథని ఆపే అధికారం వచ్చేది మనవాళ్లు పట్టించుకోని, నిజాం కాలపు 1348 ఫస్లీ నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం నుంచి. కమిషనర్ నిషేధాజ్ఞలకు దాని 22వ సెక్షన్ ఇవాళ్టికీ పనికొస్తోంది. అది చాలనట్టు 2024 అక్టోబరు 27న కొత్త నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద, నగరంలో ఐదుగురు, అంతకు మించి గుమికూడొద్దని నెల రోజుల ఉత్తర్వు వచ్చింది. బుర్రకథ దళమే ముగ్గురు. ఆ నెలంతా ఇద్దరు ఆగి విన్నా నేరమే!

1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ అనుమతుల చిక్కే విప్పింది. విద్యార్థుల సమ్మెకి సంబంధించిన సభకి అహ్మదాబాద్ పోలీసులు అనుమతి ఇవ్వలేదు. ఏ కారణంతో కాదనొచ్చో చెప్పకుండా పోలీసు ఇష్టానికి వదిలేసిన నిబంధన చెల్లదని కోర్టు కొట్టేసింది. వీధుల్లో సభలను క్రమబద్ధం చేయొచ్చు గాని, మొత్తానికి మూసేయకూడదంది. అంతకు ముందే, 1953లో లక్నోలో ఇప్టా నాటక సంఘం కళాకారులు ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’ నాటకం వేస్తే, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకుని కేసు పెట్టారు. అవ్వ చేతులు కాలుతున్నాయని పండగ డబ్బుతో పట్టకారు కొన్న పిల్లాడి కథ అది! ఆ కేసుకి వాడిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం రాజ్యాంగ విరుద్ధమని 1956లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. దాన్ని రద్దు చేసే చట్టం వచ్చేసరికి 2018 జనవరి అయింది.

1990 డిసెంబరు అల్లర్లు చూసినవాళ్లకి పోలీసు భయం ఎందుకో తెలుసు. వంద మందికి పైగా చనిపోయారు, చెన్నారెడ్డి కుర్చీ దిగారు. కానీ ఆ భయంతో కళ్లెం వేయాల్సింది వేల మంది గుంపులకీ డీజేలకీ. డీజేల్ని ఆపడానికి 2024 దాకా ఆగిన శాఖ, మైకు లేని కథని మొదటి రోజే ఆపుతుంది. షేక్ నాజర్ బుర్రకథకి తెలుగునేల తలూపింది, 1986లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ దారిన వచ్చే కుర్రాళ్లకి గౌలిపురలో దొరుకుతున్నది ‘రేపు రా’ అన్న మాట.

మైకు పెట్టకుండా, దారి మూయకుండా వీధిలో చెప్పే కథకి స్టేషన్‌లో ముందుగా ఒక చీటీ ఇస్తే చాలని, కాదనాలంటే కారణం రాసివ్వాలని కమిషనర్ ఉత్తర్వివ్వాలి. ఇవ్వకపోతే హిమత్‌లాల్ తీర్పు పట్టుకుని ఎవరో ఒకరు హైకోర్టు మెట్లెక్కాలి.