చూస్తే తెలియని చోట ఎవరిని అడగాలి?



ప్రతి చిన్నదానికీ డాక్టరు దగ్గరకు పరుగెత్తమని మేము చెప్పము. జలుబు చేస్తే ఆవిరి పట్టడం, చర్మం గీరుకుంటే సబ్బుతో కడగడం ఇంట్లో పెద్దవారికి తెలిసిన పనులే. మరి తెలిసినవారిని ఎప్పుడు అడగాలి? పైకి చూసి చిన్నదో పెద్దదో చెప్పలేనప్పుడు, ఆలస్యమైతే సరిదిద్దుకోలేనప్పుడు వెంటనే అడగాలని మా అభిప్రాయం.

పాముకాటు అలాంటిదే. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పత్తి, వేరుశనగ చేలల్లో పని చేసేవారికి, మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లి నేలమీద పడుకునేవారికి ఇది దూరపు సంగతి కాదు. ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.

కాటు పడగానే కొందరు మంత్రగాని దగ్గరకో, పసరు ఇచ్చేవారి దగ్గరకో వెళతారు. "పక్కింటాయనకు మంత్రంతోనే తగ్గింది" అంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు. చాలా పాములకు విషమే ఉండదు. విషపు పాము కూడా ఒక్కోసారి కరిచినా విషం వదలదు. అలాంటివారు ఏమీ చేయకపోయినా బతికేవారే. పేరు మాత్రం మంత్రానికి వచ్చింది.

కట్లపాము సంగతి వేరు. నిద్రలో కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కూడా కనపడకపోవచ్చు. తర్వాత కడుపునొప్పి వస్తుంది, కనురెప్పలు వాలతాయి, మాట తడబడుతుంది, చివరకు ఊపిరి ఆడదు. అజీర్ణమనుకొని తెల్లవారేదాకా ఆగితే ప్రాణానికే ముప్పు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అది కంటికి తెలియదు. ఆసుపత్రిలో కొంచెం రక్తాన్ని గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తే తెలుస్తుంది.

విషం ఎక్కితే మందు విరుగుడు ఇంజెక్షనే. ఈ నాలుగు పాములకూ ఒకే మందు. కనుక పామును వెదకి చంపి తేవలసిన పని లేదు. రోగికి ధైర్యం చెప్పండి. కరిచిన కాలు, చేయి కదలనివ్వకండి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేయండి. గాటును కోయకండి, నోటితో పీల్చకండి, తాడు బిగించకండి. 108కి ఫోన్ చేయండి. అది రావడం ఆలస్యమైతే దొరికిన బండిలో బయలుదేరండి.

"ముందు ప్రార్థన చేసుకొని వెళదాం" అనేవారూ ఉన్నారు. ప్రార్థన మానమని మేము అనము. బండిలో కూర్చొని కూడా చేయవచ్చు.

పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక ఎంత మంచిదైనా మొదటి గంట ఇంటివారి చేతిలోనే ఉంటుంది.

ఛాతీ నొప్పిని గ్యాసు అనుకోవడం, పత్తికి మందు కొట్టి వచ్చాక కళ్లు తిరిగితే ఎండదెబ్బ అనుకోవడం కూడా ఇలాంటివే. ఆపద వచ్చాక ఆలోచించడానికి సమయం ఉండదు. కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్లాలో, రాత్రివేళ ఎవరి బండి దొరుకుతుందో ఈ రోజే ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోండి.