కెరండిమాల దారిలో పరుగు

“పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలు” అని మన యిండ్లలో పెద్దలు తరచుగా చెప్పుచుందురు. సామెత మంచిదే, ఆత్రము కూడదని దాని భావము. కాని బరంపురములోని మన తెలుగు కుటుంబములు పెక్కు దానిని అక్షరాలా పాటించుచున్నవి. పిల్లలు ఇంటినుండి బడికి, బడినుండి ట్యూషనుకు, ట్యూషనునుండి మరల ఇంటికి తిరుగుటయే కాని, ఆ ముక్కోణమునకు వెలుపల అడుగు పెట్టుట లేదు. మొన్న తొమ్మిదవ తరగతి బాలు నొకనిని మేడమీదికి పిలిచి, “పడమట కనబడు ఆ కొండ పేరేమి నాయనా?” అని అడిగితిని. అతడు కొంతసేపు తేరిపార చూచి, “కొండ, మాస్టారూ” అని బదులు చెప్పెను.

ఆ బాలుడు హిమాలయ శిఖరముల ఎత్తులను అడుగులలోను, మీటర్లలోను ఏకరువు పెట్టగలడు. పుట్టినది మొదలు ప్రతి సాయంకాలము ఏ కొండ వెనుక సూర్యుడు అస్తమించుచున్నాడో, దాని పేరు మాత్రము ఎరుగడు. తప్పు అతనిది కాదు, మనది.

ఆ కొండ పేరు కెరండిమాల. తూర్పు కనుమలలోని వరుస. దాని పాదముననే మహురి కాళువ అమ్మవారి గుడి ఉన్నది. జాతరకో మ్రొక్కుబడికో మనమందరము ఆటోలలో పోయి, కొబ్బరికాయ కొట్టి, ఆటోలోనే తిరిగి వచ్చినవారమే. పేరు చివరనున్న ‘మాల’ అను మాటను గమనింపుడు. గంజాము కొండసీమను పూర్వము దొరతనమువారి కాగితములలో ‘మాలియాలు’ అని వ్రాసెడివారు. ‘కంధమాల’ లోని మాలయు ఇట్టిదే. ఒక్క కొండ పేరు నడిగినచో ఇంత చరిత్ర పలుకును. అడుగువారే లేరు.

నా కోరిక చిన్నది. శీతకాలపు ఆదివారములయందు మన బడి పిల్లలు, బాలురును బాలికలును, ఉపాధ్యాయుల వెంట ఊరి వెలుపలి కొండదారులలో పరుగెత్తవలెను. పందెము కాదు, పతకము లేదు. పరుగెత్తలేనివారు నడచుదురు. తిరిగి వచ్చిన పిమ్మట, తాము దాటిన చెరువు, వాగు, తోట, పల్లె, మిట్ట, వీని పేర్లను అక్కడివారినే అడిగి తెలిసికొని, ఒక పెద్ద కాగితము మీద తెలుగు లిపిలోను ఒడియా లిపిలోను వ్రాయవలెను. నాలుగైదు నెలలలో అదియే ఒక పటమగును. దానిని బడి వరండాలో తగిలింతము.

ఈ మాట చెప్పగానే తల్లిదండ్రులు నాలుగు ఆక్షేపణలు తెత్తురని నాకు తెలియును. చదువు చెడునని మొదటిది. వారమునకు ఒక్క ఉదయము గంటన్నర సేపు పోయినంతనే చెడిపోవు చదువు, అది లేకున్నను చెడిపోవును. దీనిపై ఇంతకంటె వ్రాయను.

ఆపద కలుగునను భయము మాత్రము నిజమైనది, తోసివేయదగినది కాదు. 16వ నంబరు జాతీయ రహదారి మీద పిల్లలను పరుగెత్తించువాడు వారికి శత్రువు. లారీలు, కంకర టిప్పర్లు తిరుగు ఏ దారియు మనకు వద్దు. చెరువు గట్లు, బండి బాటలు, జీడిమామిడి తోటల ప్రక్కనుండి పోవు మట్టి దారులు, ఇవి చాలును. తారు కంటె మన్ను కాలికి మెత్తన. వానలు వెనుకపట్టిన దినములలో గట్టు వెంబడి మొగలిపూల వాసన ఊరకే దొరకును. మన గంజాము మొగలికి దేశమంతట పేరున్నది గదా! కుక్క వెంటబడినచో పరుగు మాని నిలువవలెను; కరచినచో పుండును సబ్బుతోను ధారాళమైన నీటితోను పావుగంట కడిగి, నేరుగా ఆసుపత్రికి పోవలెను. గంజాము కొండలలో ఎలుగుబంట్లు కలవు. కావున చీకటి విడిచిన పిమ్మటనే బయలుదేరవలెను, పొదలు దట్టమైన చోటినుండి వెనుదిరుగవలెను.

ఎండ ఇంకొక మాట. భారతదేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖ ననుసరించి నడచును. బరంపురము అంతకంటె తూర్పున ఉండుటచే మన సూర్యుడు గడియారమునకు సుమారు తొమ్మిది నిమిషములు ముందు. మే నెలలో అయిదుంబావు ప్రాంతముననే ఉదయించును, ఏడుగంటలకు మాడ్చివేయును. పైగా ఇది సముద్రతీరము. గాలిలోని తేమచే చెమట ఆరదు, చెమట ఆరనిదే ఒడలు చల్లబడదు. అందుచేతనే నేను శీతకాలమని అంటిని. 2006 మే నెలలో మన రాష్ట్రముననే పూరీనుండి భువనేశ్వరము దాక 65 కిలోమీటర్లు ఒక నాలుగేండ్ల పసివానిని పరుగెత్తించిరి. లోకము చప్పట్లు కొట్టినది. ఆ చప్పట్లలో నా చేయి కలుపలేకపోతిని. పిల్లల పరుగునకు పెద్దల కీర్తికాంక్ష తోడైనచో అది క్రీడ కాదు.

ఆడపిల్లల సంగతి కొందరు గొంతు తగ్గించి అడిగిరి. ఒడిశాలోనే, జాజ్‌పూరు జిల్లాలో, నేతపనివారి యింట పుట్టిన ద్యుతీ చంద్ నదీతీరమున పరుగు నేర్చి, 2018లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో 100, 200 మీటర్ల పరుగులు రెండింటను రజతపతకములు గెలిచినది. మగ్గము చప్పుడు వినని వీథి మన పాత బరంపురములో ఎన్ని కలవు? ఆ వీథుల ఆడపిల్లల కాళ్ళు మాత్రము తక్కువవా?

బూట్లు కొనలేమని బీద తల్లిదండ్రులు సంకోచింప పనిలేదు. 1960లో రోము ఒలింపిక్సులో ఇథియోపియాకు చెందిన అబెబె బికిలా మారథాను పరుగును వట్టికాళ్ళతోనే గెలిచెను. ముండ్లున్న చోట చెప్పులు మేలు, అది వేరు సంగతి. ఆయన దేశపు రాజధానియైన అడిస్ అబాబాకు ఎగువన ఎంతోతో అను కొండలున్నవి. ఆ పట్టణపు పరుగువారు ఈనాటికిని తెల్లవారుజామున ఆ కొండలకే పోవుదురు. మన కెరండిమాల అంత యెత్తు కాదు, అక్కడి పలుచని గాలి ఇక్కడ లేదు. కావున దానివలన ఒలింపిక్ వీరులు పుట్టుదురని నేను చెప్పను. ఊరి అంచున కొండ ఉండుట ఆ ఊరి పిల్లలకు ఒక ఆస్తి అని మాత్రమే చెప్పుచున్నాను.

ఎక్కునప్పుడు అడుగులు చిన్నవిగా వేయుడు, నడుము వంచకుడు. ప్రక్కవానితో మాటలాడుటకు ఊపిరి చాలకున్నచో వేగము ఎక్కువైనదని తెలిసికొనుడు. పిల్లలు దిగుట సులువనుకొందురు. దెబ్బలు తగులునది దిగుటలోనే. తొడ కండరములు సాగుచునే దేహభారమును ఆపవలసి వచ్చును, మరునాటి నొప్పులన్నియు దానివే.

ఇక నా మనస్సులోని అసలు మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు బరంపురము మద్రాసు రాజధానినుండి విడివడి దానిలో చేరినది. అప్పటినుండి మన పెద్దలు భాషను కాపాడుకొనుటకు శ్రమించిరి. ఈ బడియు ఆ శ్రమ ఫలమే. అయితే భాషను కాపాడుకొను తొందరలో, ఈ నేల మనది కాదను తలంపు పిల్లల మనస్సులో ఎప్పుడు చొరబడినదో మనము గమనింపలేదు. “మన ఊరేది?” అని అడుగగా, తాము చూడనైన చూడని శ్రీకాకుళము పల్లెల పేర్లు చెప్పు బిడ్డలు నా తరగతిలో కలరు. ఆ పల్లెలను మరువవద్దు. కాని కాలి క్రింద నున్న మన్నును పరాయిదనుకొని పెరిగినవాడు ఏ భాషలో చదివిన నేమి?

నేను పదునాలుగేండ్ల వయస్సున, ఇంటిలో చెప్పకుండ, ఆ కొండ దిక్కునకు పరుగెత్తితిని. దూరమును తప్పుగా అంచనా వేసితిని. కొండ దగ్గరగా కనబడునే కాని దగ్గర కాదు. కాళ్ళు తేలిపోయి ఒక పల్లె మొగదల కూలబడితిని. ఒక ఒడియా ముసలమ్మ ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇల్లెక్కడని తన భాషలో అడిగినది. నాకు వచ్చిన ఒడియాలో సగము తెలుగే. ఆమె నవ్వి, ఆ సగమును తెలుగులోనే సరిదిద్దినది! గంజాము పల్లెలలో ఇది వింత కాదని తరువాత తెలిసికొంటిని. ఆమె నాకు ఆ చెరువు పేరు చెప్పినది, వాగు పేరు చెప్పినది, కొండ మీద మబ్బు ఏ వైపు కూర్చున్నచో వాన వచ్చునో చెప్పినది. పిమ్మట, “లేచి నిలుచుండి త్రాగు నాయనా, కూర్చున్నచో కాళ్ళు పట్టుకొనును” అని చెంబు చేతికిచ్చినది.

వచ్చు మార్గశిరములో మొదటి ఆదివారము, ఉదయము ఆరున్నరకు, నేను బడి గేటు వద్ద నిలిచియుందును. తల్లిదండ్రులు వచ్చినను సంతోషమే. ఒక నీళ్ళసీసా, ఒక పెన్సిలు తెచ్చుకొనుడు.