సెంటు భూమి, ఫ్లోటు లెక్క

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎకరాల మాట ఎలా ఉన్నా, సెంట్లలో చెప్పుకొనే కమతాలకు కొదవ లేదు. నూరు సెంట్లు ఎకరం, సెంటంటే 48.4 చదరపు గజాలు. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పేదలకు ఇళ్ళ స్థలాలు పంచినపుడు పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు లెక్కన ఇచ్చింది. అంటే ఎకరాల పద్దులో చుక్క తరువాత రెండవ స్థానంలోని ఒక్క అంకె ఒక కుటుంబపు గూడు. మిగిలినది ఈ మాట మనసులో ఉంచుకొని చదవగోరుతాను.

"దశాంశాల దగ్గర అంత పట్టింపెందుకండీ? ఫ్లోటు పెట్టెయ్యండి. తెరమీద రెండు స్థానాలకు కుదించి చూపితే సరి" అనే మాట సాఫ్ట్‌వేరు వృత్తిలో తరచు వినబడుతుంది. నా అభియోగం ఆ మాట మీదనే.

ఫ్లోటుకు తెలిసినవి అర, పావు, అరపావు, వీసం, వాటిలో సగాలు మాత్రమే. వీటిని ఎన్నిటిని కూడినా పదోవంతు సరిగ్గా రాదు. అందుకే 0.1కి 0.2 కలిపి 0.3తో సమానమా అని అడిగితే యంత్రం కాదంటుంది. ఇది యంత్రపు దోషం కాదు. 1985లో ప్రమాణంగా స్థిరపడిన పద్ధతి అంతే.

ఇందులో ఒక వినోదమున్నది. మన పూర్వుల భిన్నాలు నాలుగింటి మీద నడిచేవి. ఆ తెలుగు భిన్నాంకెలకు 2008లో యూనికోడ్ 5.1 చోటిచ్చింది కూడా. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు. కానీ దాకా అన్నీ ఫ్లోటులో చక్కగా ఇమిడిపోతాయి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. డబ్బు లెక్కకు ఫ్లోటే కావాలనేవారు ఆ తేదీకి ముందే పద్దులు రాసి ఉండవలసింది!

"తేడా ఎక్కడో పదిహేడో స్థానంలో కదా" అంటారు. కావచ్చు. కాని ఒక సర్వే నెంబరులోని సబ్‌డివిజన్ల మొత్తం అసలు విస్తీర్ణంతో సరిపోయిందా అని ప్రోగ్రాము అడిగినపుడు, ఆ పదిహేడో స్థానమే "సరిపోలేదు" అంటుంది. రైతు కార్యాలయం చుట్టూ తిరగడానికి అది చాలు. పైగా ఫ్లోటు చివరి సున్నను గుర్తుంచుకోదు. 1.50 కాస్తా 1.5 అవుతుంది. చదివే మనిషికి అది ఎకరం యాభయ్యా, ఎకరం అయిదా? మధ్య తేడా నలభై అయిదు సెంట్లు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు, అక్కడ 2.10 అంటే రెండెకరాల పది గుంటలు, అనగా రెండుంబావు ఎకరాలు. ఆ చుక్క దశాంశ బిందువే కాదు. దానిని ఏ తరహా సంఖ్యగా దాచినా తప్పే. ఎకరాలు, గుంటలు రెండు గడుల్లో ఉండాలి.

కుదింపు కూడా అమాయకమైనది కాదు. 1982లో వాంకూవరు స్టాకు ఎక్స్ఛేంజి 1000తో సూచీ ప్రారంభించి, ప్రతి లెక్కలోనూ మూడు స్థానాల తరువాతి మిగులును నరికివేసింది. 1983 నవంబరు నాటికి సూచీ సుమారు 520కి దిగజారింది. సరిచేసి చూస్తే 1098 పైచిలుకు!

మందు తెలియనిది కాదు. డబ్బునూ విస్తీర్ణాన్నీ స్థానాలు నిర్ణయించిన డెసిమల్‌లో దాచండి. లేదా పైసలుగా, సెంట్లుగా పూర్ణాంకాల్లో దాచండి. ఎస్‌క్యూలైట్ వాడేవారు మరింత జాగ్రత్తపడాలి: అందులో డెసిమల్ అని రాసినా భిన్నం లోపల ఫ్లోటుగానే చేరుతుంది. నాగావళి వరద ప్రవాహం వంటి కొలతలకు ఫ్లోటు నిక్షేపంగా వాడుకోవచ్చు, ఆ కొలతే ఉజ్జాయింపు గనుక. పట్టా ఉజ్జాయింపు కాదు.

డెసిమల్ సర్వరోగనివారిణి అనీ అనను. ముగ్గురు అన్నదమ్ములు ఎకరం పంచుకుంటే తలా 0.33, ఒక సెంటు మిగులుతుంది. అది ఎవరిదో చెప్పవలసినవారు ఆ అన్నదమ్ములూ, పెద్దమనుషులూ, చట్టమూ. ఎవరికీ చెప్పకుండా తెర వెనుక దానిని మింగే హక్కు ప్రోగ్రామరుకు ఎవరిచ్చారు?