తిరగని ఫ్యాను

మన మెకానిక్కుల పరిభాషలో "డైరెక్ట్ చెయ్యడం" అని ఒక మాట ఉంది. రేడియేటరు ఫ్యాను తిరగడం మానేసిందనుకోండి, ఎందుకు మానేసిందో వెతక్కుండా దాని తీగలను తిన్నగా ఇగ్నిషనుకు కలిపేస్తారు. తాళం తిప్పగానే తిరుగుతుంది, తాళం తీసేదాకా తిరుగుతూనే ఉంటుంది. (దీన్ని పంకా అనాలని నాకూ ఉంది గానీ, ఆ మాట వినగానే తాటాకు విసనకర్ర కళ్ళముందు కదులుతోంది.) ఈ పద్ధతి మీద నాకొక ఫిర్యాదు ఉంది. అందులో సగం నా మీదే.

2018 సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ బయలుదేరాం. పండుగ రోజుల్లో పంతంగి టోలుగేటు దగ్గర బండ్లు ఎలా బారులు తీరుతాయో ఆ దారిన పోయినవారికి చెప్పనక్కర లేదు. అంతవరకు బుద్ధిగా మధ్యలో నిలిచిన ఉష్ణోగ్రత ముల్లు, కారు ఆగి ఆగి కదలడం మొదలయ్యాక ఎర్రగీత వైపు జరిగింది. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. నిలబడినప్పుడే ఫ్యానుతో పని. పక్కకు తీసి బానెట్ ఎత్తితే ఫ్యాను కదలడం లేదు. నేను కారును నాలుగు మాటలు అంటుంటే వెనక సీట్లోంచి అమ్మ, "పండగపూట దాన్నెందుకురా తిడతావు" అంది.

ఇంజను చల్లారాక ఒక కుర్ర మెకానిక్కు వచ్చి రేడియేటరులో నీళ్ళు పోశాడు. లీటరున్నర పట్టింది. "డైరెక్ట్ చేసేస్త సార్, పది నిమిషాల పని. మల్ల దాని దిక్కు సూడాల్సిన పనే లేదు" అన్నాడు. పరమానందంగా ఒప్పుకున్నాను. మూతబడిన వలయంలో తిరిగే నీరు లీటరున్నర ఎటు పోయిందని అతనూ అడగలేదు, నేనూ అడగలేదు.

నా కారులో ఫ్యానును నడిపించే థర్మో స్విచ్చి రేడియేటరుకే బిగించి ఉంటుంది. దాన్ని తాకే నీరు సుమారు 95 డిగ్రీలకు చేరితే ఫ్యానుకు కరెంటు వదులుతుంది. రేడియేటరులో నీరు తగ్గితే దాన్ని తాకేది గాలి. ఇంజను ఎంత కాగుతున్నా ఆ సంగతి దానికి తెలియదు. థర్మోస్టాట్ మూసుకుపోయి వేడినీరు రేడియేటరు దాకా రాకపోయినా అంతే. అంటే ఆ రోజు ఫ్యాను చెడిపోలేదు. నీరు పోతోందని చెప్పిన సాక్షి అది. దాని నోరు నొక్కేసి నేను పండుగకు వెళ్ళాను.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం ఇంజను ఆగిపోయింది. ఫ్యాను మాత్రం దివ్యంగా తిరుగుతోంది! ముల్లు కూడా మోసం చేసింది, నీరు పూర్తిగా పోతే దాని సెన్సరుకు మాత్రం తాకేదేముంది? వాటర్ పంపు సీలు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోందట. హెడ్ గాస్కెట్ కాలింది, హెడ్డు వంగింది. మొత్తం పద్దెనిమిది వేలు. సకాలంలో చూసి ఉంటే పంపు ఒక్కటీ మార్చుకుంటే సరిపోయేది.

అందుకే ఇప్పుడు ఎవరైనా ఫ్యాను తిరగడం లేదంటే ముందు నీటి సంగతి అడుగుతాను. అదీ ఇంజను బాగా చల్లారాకే. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు, మూత తీసిన మరుక్షణం ముఖం మీదికి ఎగదన్నుతుంది. నీరు సరిగ్గానే ఉంటే ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో ఏసీతో పాటు రేడియేటరు ఫ్యాను కూడా తిరుగుతుంది. అలా తిరిగితే మోటారు మంచిదే, అనుమానం స్విచ్చి మీదికో సెన్సరు మీదికో మళ్ళుతుంది. తిరగకపోతే ఫ్యూజు చూడాలి, ఆ తరువాత రిలే. అదే రకం హారన్ రిలే పీకి దీని స్థానంలో పెడితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చివరికి మోటారు తీగలను ఊడదీసి, ఫ్యూజు మధ్యన పెట్టి బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి చూడటం. అప్పుడూ కదలకపోతేనే మోటారు పోయినట్టు. ఇంజను ఆపి ఉన్నా వేళ్ళు మాత్రం రెక్కల దగ్గర పెట్టకండి. కొన్ని కార్లలో ఫ్యాను తాళం తీశాక కూడా తనంతట తాను తిరుగుతుంది.

గమనించారా, "డైరెక్ట్" చేసే తీగా ఈ చివరి పరీక్ష తీగా ఒకటే. ఒకటి ప్రశ్న అడిగి ఊడివస్తుంది, మరొకటి అక్కడే కాపురం పెడుతుంది. దారిలో చిక్కుకున్నప్పుడు ఇల్లు చేరడానికి అలా కలపడం తప్పని నేననను. మర్నాడు విప్పకపోవడమే తప్పు. మెకానిక్కులను తిట్టి ప్రయోజనం లేదు. కారణం వెతకడానికి గంట పడుతుందంటే, ఆ గంటకు కూలి ఇవ్వడానికి మనలో ఎందరం ఒప్పుకుంటాం? కొత్త సామాను బిల్లుకైతే మారుమాట్లాడం.

పంపు మార్చాక ఆ తీగ ఊడదీయించాను. పాత థర్మో స్విచ్చే ఇంకా పనిచేస్తోంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు ఫ్యాను గుయ్యిమని మొదలై, కాసేపటికి తనే ఆగుతుంది. ఒక వేసవిలో అది ఆలస్యంగా మొదలైనట్టు అనిపించి, ఇంటికెళ్ళి మూత తీసి చూశాను. అర గ్లాసు నీళ్ళు తక్కువున్నాయి.