అడుగు దాటితే అంతే!

పండక్కి ఇంటికి రంగులేసేటప్పుడు రెండు స్టాండ్ల మీద చెక్క పరిచి, పెయింటరు దానిపై నిలబడతాడు కదా! చెక్క పొడవు 4 మీటర్లు, బరువు 20 కిలోలు అనుకుందాం. ఒక స్టాండు ఎడమ కొసన, రెండోది 3 మీటర్ల దగ్గర ఉంది. మిగిలిన మీటరు గాల్లోనే! 60 కిలోల మనిషి అటు ఎంతదూరం వెళ్లొచ్చు?

చెక్క బరువంతా దాని నడిమధ్యన, అంటే రెండో స్టాండుకు మీటరు ఇవతల ఉన్నట్టు లెక్క. 20ని 1తో గుణిస్తే 20. పిల్లల ఫిజిక్సు పుస్తకంలోని 'బలభ్రామకం' ఇదే. అవతల మనిషి బరువును, స్టాండు నుంచి అతని దూరంతో గుణిస్తే అది 20 దాటకూడదు. అంటే మీటరులో మూడోవంతు... సుమారు అడుగు! అక్కడికి చేరేసరికి ఎడమ స్టాండుపై భారం సున్నా. ఇంకాస్త జరిగితే చెక్క లేస్తుంది, మనిషి పడతాడు.

గోడ అందకపోతే మనిషిని కాదు, స్టాండును జరపమనండి.