గొర్రెదాటు ఎవరిది?

మిరప ధర పడిపోయిన ప్రతిసారీ పెద్దమనుషుల నోట ఒకటే మాట: రైతులు గొర్రెదాటుగా ఒకే పంట వేశారు, అనుభవిస్తున్నారు. పండితులు దీన్నే గడ్డరికా ప్రవాహ న్యాయం అంటారు. గడ్డరిక అంటే గొర్రె. ఒకటి ఏట్లో పడితే మిగతావన్నీ దాని వెంటే పడతాయని భావం. నిఘంటువుల్లో తప్ప కనిపించని మాట. పల్నాటి పల్లెలకు గొర్రెదాటు చాలు.

దాటు అంటే దూకు. మందకు అడ్డంగా కర్ర పట్టుకుంటే ముందు గొర్రె ఎగిరి దాటుతుంది. ఆ తర్వాత కర్ర తీసేసినా వెనకవి అక్కడికి రాగానే ఎగురుతూనే ఉంటాయి. లేని అడ్డాన్ని దాటడం, అదీ ఈ మాటలోని ఎకసెక్కం.

మరి మాచర్ల, గురజాల కౌలురైతుకు ఈ మాట అతుకుతుందా? 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటల్ని ఊడ్చేసింది. ఆ తర్వాత ధర బాగా పలికింది. ఆ ధర చూసే జనం మళ్ళీ మిరప వేశారు, నిజమే. కౌలు నగదుగా కట్టాలి, పంట పోయినా కట్టాలి. పురుగుమందుల కొట్లో పాత బాకీ అలాగే ఉంటుంది. జొన్నో కందో వేస్తే ఆ బాకీ ఎక్కడ తీరుతుంది? 2025 ఫిబ్రవరికి గుంటూరు యార్డులో ధర కూలింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించింది. మిరపకు కనీస మద్దతు ధర అంటూ లేనే లేదు. ధర పడితే మొదట కోత పడేది కాయలు కోసే ఆడకూలీల కూలి మీదే. కౌలు, అప్పు అనే కర్రలు అడ్డంగానే ఉన్నాయి, ఎవరూ తీసెయ్యలేదు. ఉన్న అడ్డాన్ని దాటేవాణ్ణి గొర్రె అంటే ఎలా?

గొర్రెదాటు మనలో బొత్తిగా లేదని మేము అనం. విత్తనాల డీలరు చెప్పిన రకాన్నే ఊరంతా ఎగబడి కొనడం ఏమిటి మరి?

కానీ కలిసి నడవడమంతా గొర్రెదాటు కాదు. 1921లో అడవిలో పశువుల మేతకు సర్కారు పుల్లరి అడిగితే పల్నాటి రైతులు కట్టం పొమ్మన్నారు. పుల్లరి కట్టకుండానే పశువుల్ని అడవికి తోలారు. అధికార్లకు ఊళ్ళో సరుకులు పుట్టలేదు, చాకలి, మంగలి పనీ అందలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకెళ్ళారు. 1922 ఫిబ్రవరిలో బార్డోలీలో కాంగ్రెసు నాయకత్వం సహాయ నిరాకరణను ఆపేసింది. అదే నెలలో పుల్లరి దగ్గరే పోలీసులు కాల్పులు జరిపితే మించాలపాడులో కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు. ముందువాళ్ళు వెనక్కి తిరిగితే తామూ తిరగడమే గొర్రెదాటైతే, మించాలపాడు చేసింది అది కాదు.

అలాంటి కట్టు ఇప్పుడు కౌలు దగ్గర కావాలి. 2019 చట్టం సాగుదారు హక్కు కార్డుకు భూయజమాని సంతకం అడిగింది. ఒక్కడే వెళ్ళి సంతకం అడిగితే, వచ్చే ఏడు చేను ఇంకొకరికి ఇస్తానంటాడు యజమాని. ఊళ్ళో కౌలుదార్లంతా ఒక్కసారే వెళ్ళి అడిగితే ఎంతమందిని మారుస్తాడు? ఆ అడిగేదేదో విత్తనాలు కొనేలోపు, కౌలు ఖాయం చేసుకునే రోజుల్లోనే అడగాలి.