వంటింట్లోంచి చెప్పిన జవాబులు

జ్ఞాపకశక్తి మంచిదే. కాదని ఎవరంటారు? పాలవాడు నెలలో ఎన్ని రోజులు నాగా పెట్టాడో గుర్తుంచుకోలేని ఇల్లాలు సంసారమేం చేస్తుంది? కానీ దేన్ని గుర్తుంచుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో తెలియని జ్ఞాపకశక్తి అటకమీద సామాను లాంటిది. అన్నీ ఉంటాయి. అవసరానికి కావలసింది మాత్రం చేతికి దొరకదు.

ఇంత పెద్ద మాట ఎందుకంటున్నానంటే, కిందటి డిసెంబరులో అమెరికాలో మా అక్కయ్య ఇంట్లో ఒక పరీక్ష రాశాను. రాసి ఘోరంగా తప్పాను. తప్పిన కడుపుమంటతో రాస్తున్నానని మీరు అనుకుంటే అనుకోండి. కొంత నిజమే. కొంతే!

ఆ పరీక్ష ఏ చరిత్రలోనో లెక్కల్లోనో కాదు. 'ఐ లవ్ లూసీ' అనే పాత టీవీ హాస్య ధారావాహికలో ఒకే ఒక్క భాగం మీద. దాని పేరు 'జాబ్ స్విచింగ్'. 1952 సెప్టెంబరు 15న మొదటిసారి ప్రసారమైంది. అంటే మా అమ్మ కూడా పుట్టని రోజులన్నమాట. ఇన్నేళ్లయినా దాన్ని చూసి నవ్వేవాళ్లున్నారు, అందులో ప్రతి గరిటెనీ, ప్రతి గిన్నెనీ గుర్తుపెట్టుకుని ఒకరినొకరు ప్రశ్నలడుక్కునే వీరాభిమానులున్నారు. మా అక్కయ్య ఇంటిల్లిపాదీ ఆ కోవలోకే వస్తారు.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. లూసీ బ్యాంకులో డబ్బు లేకుండా చెక్కు రాసేస్తుంది. భర్త రికీకి కోపం వస్తుంది. సంపాదించడం కష్టమా, ఇల్లు నడపడం కష్టమా అని మాటా మాటా పెరుగుతుంది. వాళ్ల ఇంటిగలవాళ్లూ స్నేహితులూ అయిన ఫ్రెడ్, ఎథెల్ దంపతులు కూడా చెరో పక్షం చేరతారు. సరే, పనులు మార్చుకుందాం అని పందెం. మగవాళ్లు వంటింట్లోకి, ఆడవాళ్లు చాక్లెట్ల కంపెనీలోకి. రికీ మనిషికో పౌను చొప్పున నలుగురికీ నాలుగు పౌన్ల బియ్యం పొయ్యిమీద పెడతాడు. అన్నం పొంగి, గిన్నె దాటి, వంటింటి నేలంతా ఆక్రమిస్తుంది. అక్కడ కంపెనీలో లూసీ, ఎథెల్ ఒక బెల్టు ముందు నిలబడి, దానిమీద వచ్చే చాక్లెట్లకి కాగితం చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా దాటిపోయినా ఉద్యోగం ఊడుతుంది. బెల్టు వేగం ఎక్కువవుతుంది. చుట్టలేనివి నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, జాకెట్టులో దోపుకుంటారు. చూస్తూ నవ్వకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను.

ఇక పరీక్ష సంగతి. మా అక్కయ్య కొడుకు ఇరవై ప్రశ్నలు తయారుచేసి, అచ్చువేయించి, అందరికీ పెన్సిళ్లు పంచాడు. మగవాళ్లది ఒక జట్టు, కుర్రకారుది ఒకటి, ఆడవాళ్లది ఒకటి. చాక్లెట్ల కంపెనీ పేరేమిటి? (క్రేమర్స్ క్యాండీ కిచెన్.) రికీ ఎన్ని పౌన్ల బియ్యం పోశాడు? ఫ్రెడ్ ఏం చేయబోయాడు? (కేకు.) ఇలా. బావగారి జట్టు సోఫాలో కూర్చుని, కళ్లు మూసుకుని, వేళ్లమీద లెక్కపెట్టి మరీ జవాబులు రాస్తోంది.

మా అక్కయ్య ఏ జట్టులో ఉంది?

ఏ జట్టులోనూ లేదు. వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. వచ్చినవాళ్లు పదిహేడు మంది. వాయి తర్వాత వాయి, ఇవతల ప్లేట్లు ఖాళీ అవుతూనే ఉన్నాయి. మధ్యమధ్య ప్రశ్న వినపడగానే అక్కడినుంచే కేకేస్తోంది. "నాలుగు పౌన్లు!" "క్రేమర్స్!" ఒక్కటి కూడా తప్పు లేదు.

"అమ్మా, వంటింట్లోంచి చెప్పినవి లెక్కలోకి రావు!" అన్నాడు పరీక్షాధికారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు సగంలో గొంతుకు అడ్డంపడింది. ఎందుకంటే ఆ ఇంటికి లూసీని పరిచయం చేసిందే మా అక్కయ్య. పెళ్లయి కొత్తగా అమెరికా వెళ్లినప్పుడు, ఎమ్మెస్సీ చదివిన మనిషి, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేని వీసా మీద ఇంట్లో కూర్చుంది. బావగారు పొద్దున పోతే రాత్రికి రాక. మధ్యాహ్నాలు పాత లూసీ భాగాలు చూస్తూ ఆ ఊరి ఇంగ్లీషు యాస నేర్చుకుంది. ఇంటిపనే తప్ప వేరే పని దొరకని ఒక కల్పిత ఇల్లాలు, ఉద్యోగం కోసం ఎప్పుడూ ఏదో ఒక ఎత్తు వేస్తూ ఉంటే చూసి నవ్వుకుంది. "దాని తిప్పలు చూస్తే నా తిప్పలు మరిచిపోయేదాన్నే" అనేది ఫోన్లో. ఇప్పుడు ఆమె చేత బజ్జీలు వేయిస్తూ, ఆమె నేర్పిన పాఠం మీద ఆమెకి ప్రవేశం లేని పరీక్ష! అదీ ఏ కథ మీద? ఇంటిపని ఎంత కష్టమో మగవాళ్లు ఒక్కరోజులో తెలుసుకున్న కథ మీద!

ఇదీ నా దెబ్బలాట. ఈ అభిమానుల పరీక్షల్లో బియ్యం ఎన్ని పౌన్లో అడుగుతారు. ఆ అన్నం నేలమీదినుంచి ఎత్తిందెవరో అడగరు. లూసీ చాక్లెట్లు ఎక్కడెక్కడ దాచిందో అడుగుతారు. ఎందుకు దాచవలసి వచ్చిందో అడగరు.

ఆ సన్నివేశం మరోసారి మనసులో తిప్పి చూడండి. పని చూసే పెద్దావిడ లోపలికి వస్తుంది. బెల్టు మీద ఒక్క చాక్లెట్టూ మిగల్లేదు. మరి ఎక్కడున్నాయి? వీళ్ల బుగ్గల్లో, టోపీల్లో, జాకెట్లలో. ఆవిడకేం తెలుసు? భేష్, బాగానే చేస్తున్నారే అనుకుంటుంది. అనుకుని, వేగం ఇంకా పెంచమని లోపలికి కేకేస్తుంది!

అమ్మలారా, అక్కలారా, ఇంతకంటే మన బతుకు గురించి ఎవరైనా సూటిగా చెప్పారా? చెయ్యలేనని చెబితే చేతకానిదంటారు. చెప్పకుండా ఎలాగో నెట్టుకొస్తే, "ఆవిడకేం, సునాయాసంగా చేసేస్తుంది" అని ఇంకో పని తగిలిస్తారు. మనం చాక్లెట్లు దాస్తాం, వాళ్లు బెల్టు వేగం పెంచుతారు. డెబ్భై ఏళ్లకు పైగా జనం నవ్వుతున్నది దీన్ని చూసే. ఆ నవ్వులో కన్నీటి చుక్క ఎక్కడుందో కనిపెట్టలేని అభిమానం ఏం అభిమానం?

"పిన్నీ, నవ్వుకోడానికి తీసిన దాంట్లో నువ్వు ఉపన్యాసం వెతుకుతున్నావు" అన్నాడు మావాడు. ఉపన్యాసం నేను పెట్టింది కాదు నాయనా, రాసినవాళ్లు పెట్టిందే. ఆ రాసినవాళ్లెవరో చెప్పు అన్నాను. మూడు జట్లూ మౌనం. చిత్రమేమిటంటే ఈసారి వంటింట్లోంచి కూడా జవాబు రాలేదు.

ముగ్గురు రాశారు. జెస్ ఆపెన్‌హైమర్, బాబ్ కారల్, మ్యాడెలిన్ ప్యూ. మూడో మనిషి స్త్రీ. హాస్యం రాసే గదుల్లో ఆడమనిషి అరుదుగా కనిపించే కాలంలో ఆ గదిలో కూర్చుని రాసింది. లూసీ చేత చేయించదలచుకున్న విన్యాసాలు ఆడమనిషికి సాధ్యమా కాదా అని ముందు తానే చేసి చూసేదట. 2011లో కన్నుమూసింది. అంతమంది వీరాభిమానులకి బియ్యం లెక్క తెలుసు, బియ్యం పొంగించిన చేతి పేరు తెలియదు. రాసుకునేదాన్ని కనక నాకు ఆ మౌనం కాస్త గుచ్చుకుంది.

ఇంకో మాట. ఇది నిజంగా జ్ఞాపకశక్తి పరీక్షేనా? ఆ రోజుల్లో చాలా టీవీ కార్యక్రమాలు అప్పటికప్పుడు ఆడి ప్రసారం చేసేవారు. లూసీని మాత్రం ప్రేక్షకుల ఎదుట ఆడిస్తూనే మూడు కెమెరాలతో 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద తీశారు. అందుకే అది చెక్కుచెదరకుండా మనదాకా వచ్చింది. 1952లో ఆ సోమవారం రాత్రి చూసినవాళ్లకి, మళ్లీ వేసేదాకా మనసులో మిగిలిందే మిగులు. ఇప్పుడో? ఫోన్లో ఆపి, వెనక్కి తిప్పి, చాక్లెట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టొచ్చు. పరీక్షకి ముందురోజు రాత్రి బావగారు చేసింది అదే. అది జ్ఞాపకం కాదు, మీట నొక్కడం.

కుర్రకారు జట్టుకి ఒక చిన్న గుర్తు చేశాను. వాళ్లు ప్రాణంగా చూసే 'ఫ్రెండ్స్'లోనూ ఇలాంటి పోటీ ఉంది. 1998 జనవరిలో వచ్చిన భాగం. ఒకరి గురించి ఒకరికి ఎంత తెలుసో తేల్చుకుందామని ఇంటినే పందెం కాస్తారు. చివరికి మోనికా, రేచెల్ దేనిమీద ఓడిపోయి ఇల్లు పోగొట్టుకున్నారు? ఇన్నాళ్లుగా ఎదురింట్లో ఉంటున్న చాండ్లర్ ఏం ఉద్యోగం చేస్తాడన్న ప్రశ్న మీద! చిన్నచిన్న సంగతులన్నీ తెలుసు, మనిషి రోజంతా ఏం పని చేస్తాడో తెలియదు. ఆ రాసినవాళ్లకి తెలిసిన రహస్యం మా ఇంటి పరీక్షాధికారికి తెలియలేదు.

అయితే వాడు సామాన్యుడు కాదు. "పిన్నీ, నీ నవలలో కథానాయిక పెళ్లిచూపుల నాడు కట్టుకున్న చీర రంగు గుర్తుపెట్టుకుని ఎవరైనా ఉత్తరం రాస్తే నువ్వు మురిసిపోవా?" అన్నాడు.

ఒప్పుకోవద్దూ, దొరికిపోయాను. అలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది కూడా. నెమలికంఠం రంగు అని రాసిందావిడ. నేనే మరిచిపోయాను! మురిసిపోయి నాలుగిళ్లవాళ్లకి చూపించాను. నిజమే, ప్రేమ ఉన్నచోటే చిన్న సంగతులు గుర్తుంటాయి. పుట్టినరోజు గుర్తుంచుకోని ప్రేమని ఎవరు నమ్ముతారు? కానీ ఆ ఉత్తరంలో చీర రంగు తర్వాత ఇంకో వాక్యం ఉంది. ఆ చీర కట్టుకున్న పిల్ల ఆ సంబంధం ఎందుకు వద్దందో తనకి అర్థమైందని, తాను ఆ మాట అనలేకపోయానని రాసింది. చీర రంగు ఆ వాక్యానికి దారి. దారిలోనే చాప పరుచుకుని కూర్చుంటే ఊరు చేరేదెప్పుడు?

పరీక్ష ముగిసింది. బావగారి జట్టు గెలిచింది. బహుమతి, సందర్భానికి తగ్గట్టు, పెద్ద చాక్లెట్ల డబ్బా. బావగారు మంచివారు. ఆ డబ్బా తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లి, "ఇదుగో, అసలు విజేతవి నువ్వే" అని అక్కయ్య చేతికిచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మీకు గుర్తుందో లేదో, నేను చెప్పలేదు కదూ! ఆ భాగం ముగింపు కూడా అదే. ఇంటిపని తమవల్ల కాదని లెంపలేసుకున్న మగవాళ్లు పెళ్లాలకి చెరో అయిదు పౌన్ల డబ్బా తెచ్చి ఇస్తారు. ఏమున్నాయి అందులో? చాక్లెట్లు! రోజంతా చాక్లెట్లు మింగి మింగి వచ్చినవాళ్లకి. డబ్బా ఇచ్చాక ఎవరి పనిలోకి వాళ్లు. మర్నాటినుంచి వంటిల్లు మళ్లీ లూసీదే. ఇరవై ప్రశ్నలకి జవాబు రాసిన మహానుభావుల్లో ఒక్కరికీ ఈ ముగింపు, కళ్లముందు మళ్లీ జరుగుతుంటే, గుర్తురాలేదు!

ఆ రాత్రి అంట్లు సర్దుతూ ఈ మాటే అక్కయ్యతో అన్నాను. "పోనీలేవే, సరదాకే కదా" అంది చేతులు తుడుచుకుంటూ. దాని మోచేతి మీద నూనె చిట్లి బొబ్బ లేచి ఉంది. నేను చూడగానే కొంగు కప్పేసుకుంది. ఇదుగో, ఇదే జాకెట్టులో దోపుకున్న చాక్లెట్టు!

నామీదే వచ్చే ప్రశ్న కూడా చెప్పేస్తాను, మీరు అడగకముందే. ఇన్ని మాటలు చెప్పేదాన్ని ఆ సాయంత్రం నేనెక్కడున్నాను? సోఫాలో ఉన్నాను. చేతిలో పెన్సిలు, ఒళ్లో బజ్జీల ప్లేటు. లేచి వెళ్లి ఒక్క వాయి వెయ్యలేదు. కనక ఈ పరీక్షలో తప్పినవాళ్లలో మొదటిదాన్ని నేనే.

వచ్చేసారి ప్రశ్నపత్రం నేను తయారుచేస్తానని మావాడికి చెప్పి వచ్చాను. ఒకటే ప్రశ్న. ఈ ఆట జరుగుతుండగా వంటింట్లో ఎవరున్నారు? జవాబు కాగితం మీద రాస్తే మార్కులు లేవు. లేచి లోపలికి వెళ్లి, ఆవిడ చేతిలో చట్రం తీసుకుని, ఆవిణ్ణి సోఫాలో కూర్చోబెట్టిన జట్టుకే బహుమతి.

చాక్లెట్లు మాత్రం కాదు.